సైజుగారి ప్రొపెల్లరు

సైజుగారికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. చెప్పుల షాపులో సేల్స్‌మన్‌గా చేరిన కొత్తల్లోనే అది ఎక్కడో జారిపోయింది. మెట్లెక్కి వస్తున్న మనిషి నడక చూసి, కాలి వంక చూడకుండానే "ఎనిమిది" అనేవారు. కూర్చోబెట్టి కొలిస్తే ఎనిమిదే. కొందరు "కాదండీ, నేనెప్పుడూ ఏడే వేసుకుంటాను" అని పంతానికి పోయేవారు. వాళ్ళతో ఆయన వాదనకి దిగేవారు కాదు. లోపలికెళ్ళి మూడు పెట్టెలు తెచ్చేవారు. అడిగిన సైజు ఒకటి, దానికంటే చిన్నదొకటి, పెద్దదొకటి. ఒక్కో జత తొడిగి, తను పొట్టి స్టూలు మీద కూర్చుని, తలెత్తి ఆ మనిషి మొహంలోకి చూసేవారు. నోటితో వాళ్ళు చెప్పేది చెవిన పెట్టేవారు కాదు. చూసేదల్లా కనుబొమల్ని. "బాగానే ఉందండీ" అంటున్న మనిషి కనుబొమ రవ్వంత ముడిపడిందా, ఆ జత మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయేది.

ఈ కనుబొమల సిద్ధాంతం మీదే ఆయన ఉద్యోగం చేశారు, పెళ్ళి కూడా చేసుకున్నారు. ఒకరోజు బస్సులో "టికెట్, టికెట్" అంటూ వచ్చిన కండక్టరు అమ్మాయి మొహం చూసి, "మీ చెప్పులు మీ సైజు కాదండీ, కరుస్తున్నాయి" అన్నారు. నిండు బస్సులో పరాయి ఆడపిల్లతో అనాల్సిన మాటేనా అది? ఆ అమ్మాయి విజిలేసి బస్సాపి ఆయన్ని నడిరోడ్డు మీద దింపేసింది. మర్నాడు షాపుకొచ్చి, కాలి చెప్పులు తీసి కౌంటరు మీద పడేసి, "ఏదీ, నా సైజేమిటో చూపించండి" అంది. ఆయన మూడు పెట్టెలు తెచ్చారు. "నేను వెళ్ళింది దెబ్బలాడటానికి" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఇలాంటి మనిషి విమానాల్లోకి ఎలా దిగారంటే, అదీ కాళ్ళ దగ్గరే మొదలైంది. ఊరి చివర గోడౌను పక్కనున్న ఖాళీ జాగాలో ఆదివారం ఉదయాల్లో కొందరు పెద్దమనుషులు బ్యాటరీ విమానాలు ఎగరేస్తుంటారు. థర్మోకోలుతోనూ, పల్చటి చెక్కతోనూ చేసిన చిన్నచిన్న విమానాలు. వాళ్ళందరికీ సెక్రటరీ ఒక పళ్ళ డాక్టరు. అటుగా షికారుకెళ్ళిన సైజుగారికి, ఆ డాక్టరు విమానం ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల పట్టుకోవడం కనబడింది. కాలిన వాసన వస్తోంది. సైజుగారు వెళ్ళి, అడక్కుండానే, మోటారు మీద వేలు పెట్టి చటుక్కున తీసేశారు.

"బిగుతుగా ఉందండీ," అన్నారు.

"ఏది?"

"దాని ముందు తిరుగుతోందే, ఆ రెక్క. ఒక సైజు తగ్గించి చూడండి."

ఆ రెక్కని ప్రొపెల్లరంటారని కూడా ఆయనకి అప్పటికి తెలియదు. కానీ చెప్పింది నిజమే. ప్రొపెల్లరు మీద రెండంకెలుంటాయి. మొదటిది ఈ చివర నుంచి ఆ చివరకి రెక్క పొడుగు. రెండోది, ఒక్క చుట్టు తిరిగితే గాలిలో ఎంత ముందుకి తోసుకుపోవాలో ఆ దూరం. ఏ అంకె మరీ పెరిగినా మోటారు లాగలేక మూలుగుతుంది, వేడెక్కుతుంది, బ్యాటరీని ఊడ్చేస్తుంది. మరీ తగ్గితే వదులు చెప్పులాగా టపటపలాడటమే తప్ప ముందుకి పోదు. డాక్టరు ఒకటికి నాలుగు పుస్తకాలు చదివి ఇది తెలుసుకున్నాడు. సైజుగారు మాత్రం బిగుతు, వదులు అన్న రెండు ముక్కలతో సరిపెట్టేశారు.

ఆ తర్వాత ఆదివారాల్లో జాగాలో ఆయన చుట్టూ జనం. కొత్త విమానం ఎవరు చేసినా ముందు ఆయన దగ్గరికే తెచ్చేవారు. ఆయన మూడు ప్రొపెల్లర్లు తీసేవారు, షాపులో లాగే. ఒక్కొక్కటి బిగించి, తోక ఎవరిచేతనైనా పట్టించి, మోటారు తిప్పుతూ, విమానం చేసిన మనిషి మొహంలోకి చూసేవారు. సొంత చేతులతో నెలల తరబడి అతికించుకున్న మనిషికి ఆ చప్పుడు సరైనదో కాదో ఒంటికి తెలిసిపోతుంది. నోటికి తెలియకపోయినా మొహం చెప్పేస్తుంది. ఆ మీదట సైజుగారు మోటారు మీద వేలు పెట్టి, కాలకుండా ఆనితే, "నాలుగడుగులు నడిపి చూద్దామా?" అని రిమోటు తీసుకుని ఒక చుట్టు తిప్పేవారు. అప్పుడు కూడా ఆయన చూపు ఆ మనిషి మొహం మీదే.

"విమానం వంక చూడరేమిటండీ?" అని రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఆయన ఒకసారి గాభరా పడ్డాడు.

"చెప్పు వంక చూస్తే ఏం తెలుస్తుందండీ?" అన్నారు సైజుగారు.

వారమంతా జనం కాళ్ళ దగ్గర వంగి కూర్చునే మనిషికి, తలెత్తుకుని నిలబడి నలుగురికి సలహా చెప్పే చోటు లోకంలో అదొక్కటే. శనివారం సాయంత్రం నుంచే ఆయనకి కాలు నిలిచేది కాదు. ఆ జాగా లేకపోతే ఏమైపోదునో అని భార్యతో ఒకటి రెండుసార్లు అన్నారు కూడా. ఆవిడ "ఇంట్లో ఉందురు" అని ఊరుకుంది.

ఇంతలో ఒక ఆదివారం ఎవరిదో విమానం అదుపు తప్పి, తమాషా చూడ్డానికొచ్చిన ఒకాయన బట్టతల మీద వాలింది. దెబ్బేమీ తగల్లేదు గానీ ఆయన నానా యాగీ చేశాడు. పళ్ళ డాక్టరు శుభ్రత మనిషి, పద్ధతి మనిషి. మర్నాటికల్లా జాగాకి అడ్డంగా తాడు కట్టించేశాడు. సొంత విమానం ఎగరేసేవాళ్ళే తాడు లోపల, మిగతావాళ్ళందరూ బయట. ఇప్పటిదాకా సొంతంగా ఎగరెయ్యనివాళ్ళకి వచ్చే ఆదివారం ఆఖరి అవకాశం.

"నాక్కూడానా డాక్టరుగారూ?" అన్నారు సైజుగారు.

"రూలు రూలే సైజుగారూ," అన్నాడు డాక్టరు. ఆ మాటంటున్నప్పుడు ఆయన చేతిలో విమానానికి ఉన్నది సైజుగారు ఎంచిపెట్టిన ప్రొపెల్లరే. కొంచెం సిగ్గుపడ్డాడు గానీ తాడు మాత్రం విప్పలేదు.

నిజానికి సైజుగారికి సొంత విమానం ఉంది. పసుప్పచ్చటి రంగు, పొడవాటి రెక్కలు, కింద రెండు చక్రాలు, ఎప్పుడో తయారైపోయింది. వాళ్ళింట్లో భోజనాల బల్ల మీద, చక్రాలకి అటూ ఇటూ ఇటుకలు అడ్డుపెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇంటిల్లిపాదీ దాని రెక్కల కింద కంచాలు పెట్టుకుని తింటారు. ఎగరకపోవడానికి కారణం ఒక్కటే. ఊరందరికీ ప్రొపెల్లర్లు ఎంచిపెట్టిన మనిషికి తన విమానానికి ఏది సరిపోతుందో తేలలేదు. బిగించడం, తిప్పడం అన్నీ చేస్తారు. మూడో మెట్టు దగ్గర ఆగిపోతారు. చేసిన మనిషి మొహం చూడాలి కదా? చేసింది తనే. తన మొహం తను ఎలా చూసుకోవడం?

షాపులోంచి కాళ్ళు చూసుకునే వాలు అద్దం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో చొక్కా కింది బొత్తాం, ఆ కిందా కనబడ్డాయి. స్నానాలగదిలో అద్దం ఊడదీసి పెట్టారు. అందులో మొహమైతే కనబడింది గానీ, అది అద్దం చూసుకుంటున్న మనిషి మొహం. జుట్టు సరిచేసుకోవాలనిపించే మొహం. దాన్నిబట్టి ఏమీ తేలలేదు. భార్యని నిలబెట్టి చూశారు. రోజంతా బస్సింజను హోరులో ఉండి వచ్చే మనిషి ఆవిడ. అన్ని సైజులకీ ఒకటే మొహం పెట్టింది.

"ఎప్పటికి ఖాళీ చేస్తారు ఈ బల్లని?" అన్నదే ఆ మొహానికి అర్థం.

రూలు వచ్చిన వారమే అత్తగారు కూతురి దగ్గర ఉండటానికి వచ్చింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఉక్కపోత, వీటికి తోడు సీలింగు ఫ్యానంటే చచ్చేంత భయం. పక్కింట్లో ఒకప్పుడు ఫ్యాను ఊడి మంచం మీద పడిందట. ఆ వేళ మంచం మీద ఎవరూ లేరు గానీ, ఆనాటి నుంచి ఆవిడ ఏ ఇంట్లోనూ ఫ్యాను కింద కూర్చోదు. ఎంత మొత్తుకున్నా ససేమిరా అంటుంది. చెమటలు కక్కుకుంటూ గోడవార కూర్చుంటుంది.

మొదటి సాయంత్రం సైజుగారు మోటారు తిప్పేసరికి అత్తగారు విమానం తోక వైపు కూర్చుని ఉంది. గాలి వెళ్ళి నేరుగా ఆవిడ మొహానికి తగిలింది.

"అబ్బ! ప్రాణం లేచొచ్చింది అల్లుడుగారూ," అంది.

సైజుగారు తలెత్తి చూశారు. ఎన్నాళ్ళ నుంచో వెతుకుతున్నది ఎదురుగా కనబడింది. ఒక మొహం! ఏ దాపరికమూ లేకుండా, ఉన్నదున్నట్టు చెప్పే కనుబొమలు! వెంటనే ఒక సైజు పెద్దది బిగించారు. చెమట తుడుచుకోవడానికి అత్తగారు భుజాన వేసుకున్న తువ్వాలు చెవుల దాకా లేచింది, కొప్పు సడలింది, కనుబొమలు దగ్గరికొచ్చాయి. "బిగుతు" అని తీసేశారు. చిన్నది పెట్టారు. కనుబొమలు కొంచెం విడ్డాయి. ఇంకా చిన్నది పెట్టారు. ఇంకా విడ్డాయి. రోజూ సాయంత్రం అదే పని. శుక్రవారానికి ఒక చిన్న, మెత్తని ప్రొపెల్లరు దగ్గర అత్తగారి కనుబొమలు నున్నగా అయిపోయాయి, కళ్ళు అరమోడ్పులయ్యాయి, నోరు కొద్దిగా తెరుచుకుంది, సన్నగా గురక వినబడింది. సైజుగారు మోటారు మీద వేలు ఆనించారు. చల్లగా ఉంది. ఆయనకి కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనయింది.

"ఇదే సైజు!" అని వంటింట్లోకి కేకేసి చెప్పారు.

ఏం చెప్పమంటారు! స్టూలు ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్ళకి సరిపోయేది వెతకడం ఆయనకి ఒంట్లో జీర్ణించుకుపోయింది. విమానానికి ప్రొపెల్లరు వెతుకుతున్నానని అనుకుంటూ నిక్షేపంలా అత్తగారికి ప్రొపెల్లరు వెతికిపెట్టారు. ఆ సంగతి ఆయనకి తట్టలేదు, ఆవిడకి తట్టలేదు, పోపు వేసుకుంటున్న భార్యకి అసలే తట్టలేదు.

ఆదివారం ముగ్గురూ జాగాకి వెళ్ళారు. భార్య డ్యూటీకి సెలవు పెట్టింది. అత్తగారు మడత కుర్చీ చంకన పెట్టుకుని, "నేను ఎంచిన రెక్క, నేను చూడకపోతే ఎలా?" అని బయల్దేరింది. తాడుకి అవతల కుర్చీ వేశారు. సైజుగారు గంపెడాశతో విమానాన్ని నేల మీద పెట్టి రిమోటు నొక్కారు.

విమానం బయల్దేరింది. భోంచేసిన మనిషి పచార్లు చేస్తున్నట్టు జాగా మొత్తం ఒక తీరున నడిచింది. ఎగరలేదు. ఎగిరే ఉద్దేశమే ఉన్నట్టు కనబడలేదు. దారిలో ఎండుటాకులు మర్యాదగా పక్కకి తప్పుకున్నాయి. చివరికి గోడౌను గోడకి ముక్కు ఆనించి ఆగిపోయింది. 

"నడక బాగుందండీ," అన్నాడు ల్యాబు ఆయన.

పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు: "ఎవరి మొహం చూసి ఎంచారు?"

"మా అత్తగారి మొహం."

"ఆవిడ ఎక్కడ కూర్చున్నారు?"

"తోక వైపు. గాలికి."

డాక్టరు పెదవులు బిగపట్టి నవ్వు ఆపుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి అంత నిగ్రహం లేదు, పగలబడి నవ్వారు. సైజుగారికి ఒక్కసారిగా అంతా అర్థమై చెవులు ఎర్రబడ్డాయి. వారం రోజులు తను చేసింది ఒక టేబుల్ ఫ్యాను! తాడు వంక చూశారు. పిల్లకాయలు, బటాణీలు నములుతున్నవాళ్ళు ఆ అవతల నిలబడి ఉన్నారు. ఇంకాసేపట్లో తను కూడా అక్కడ నిలబడి, ఎవరూ అడగని సలహాలు మనసులోనే చెప్పుకోవాలి. ఆయనకి ఏడుపొచ్చింది. దాచుకోవడానికి వంగి చక్రం సరిచేస్తున్నట్టు నటించారు.

ఆ నవ్వులు అత్తగారికీ వినబడ్డాయి. మోకాళ్ళు పట్టుకుని లేచి తాడు దగ్గరికొచ్చింది.

"అయ్యో, నాకేం తెలుసు అల్లుడుగారూ! చల్లగా ఉందని కూర్చున్నాను. నా సుఖం చూసుకుని మీ పరువు తీశాను," అంది. డాక్టరు వైపు తిరిగి, "ఏవండీ, ఇంకొక్కసారి ఎగరనివ్వండి. తప్పు విమానానిది కాదు, నాది," అంది.

పళ్ళ డాక్టరుకి జనం నోళ్ళు తెరిపించడం అలవాటే గానీ ఇలా బతిమాలే నోళ్ళు అలవాటు లేదు. "సరే, ఇంకొక్కసారి. ఒక్కసారే," అన్నాడు. ఆవిడ కుర్చీ తాడు లోపలికి కూడా తెప్పించాడు.

సైజుగారు మూడు ప్రొపెల్లర్లు తీశారు. అత్తగారు అలవాటు కొద్దీ తోక వెనకే కూర్చుంది. మధ్య సైజు బిగించి తిప్పేసరికి గాలి ఈడ్చి కొట్టింది. తువ్వాలు ఎగిరి ల్యాబు ఆయన మీద పడింది, కొప్పు ఊడింది, అత్తగారి మొహం మొత్తం ముడుచుకుపోయింది. సైజుగారి చెయ్యి దానంతటదే మోటారు ఆపేసింది. ఎదుటి మనిషి మొహం అలా ముడుచుకుంటే ఓర్చుకోవడం ఆ చేతికి తెలియదు.

"బిగుతుగా ఉందత్తయ్యా."

"నాకు బిగుతైతే ఏమయింది? నేనేమైనా ఎగరాలా?" అని గయ్యిమంది అత్తగారు. కుర్చీ తనే ఈడ్చుకుంటూ గాలి తగలని పక్కకి వెళ్ళి, మోకాళ్ళ మీద చేతులానించి, విమానం వంకే చూస్తూ కూర్చుంది. "ఊఁ, ఇప్పుడు తిప్పండి."

చిన్నది తిప్పారు. అత్తగారి మొహంలో ఏమీ కదల్లేదు. పెద్దది తిప్పారు. మోటారు మూలిగింది, ఆవిడ కనుబొమ ముడిపడింది. "పాపం, లాగలేకపోతోంది," అంది. మళ్ళీ మధ్యది పెట్టారు. చప్పుడు పెరిగిన కొద్దీ ఆవిడ భుజాలు లేచాయి, మెడ సాగింది, కనుబొమలు నెమ్మదిగా నుదుటి మీదికి వెళ్ళిపోయాయి. సైజుగారు మోటారు మీద వేలు ఆనించారు. వెచ్చగా ఉంది, వేలు ఆనింది.

విమానాన్ని నేల మీద పెట్టారు.

"రైట్ రైట్!" అని వెనక నుంచి భార్య కేకేసింది. ఆవిడకి బళ్ళు కదిలించడానికి ఇంకో మాట తెలియదు.

పసుప్పచ్చ విమానం నాలుగు గెంతులు గెంతి నేల వదిలేసింది. లోపలివాళ్ళూ బయటివాళ్ళూ అందరి తలలూ ఒక్కసారిగా పైకి లేచాయి, ఒక్క సైజుగారిది తప్ప. ఆయన అత్తగారి మొహం చూస్తున్నారు.

"పైకి చూడండి బాబూ! పైకి!" అని డాక్టరు అరిచాడు.

సైజుగారికి వినబడలేదు. అత్తగారి గడ్డం లేస్తే విమానం లేచిందన్నమాట. కళ్ళు ఎడమకి జరిగితే అటు తిరిగిందన్నమాట. కనుబొమ రవ్వంత ముడిపడితే ఆయన బొటనవేలు రవ్వంత సర్దేది, ముడి విడిపోయేది. గోడౌను మీదుగా ఒక చుట్టు తిరిగింది, కరెంటు తీగల పైనుంచి ఇంకో చుట్టు. అదంతా ఆయన అత్తగారి కళ్ళల్లో చూసుకున్నారు. ఆవిడ మోకాళ్ళ సంగతి మర్చిపోయి లేచి నిలబడింది. ఊడిన జుట్టుతో, తెరుచుకున్న నోటితో, చిన్నపిల్లలా మడమలెత్తి చూస్తోంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత సంతోషంగా ఉన్న మొహం ఆయన ఎదుట ఎప్పుడూ కూర్చోలేదు. 

మూడో చుట్టులో విమానం దిగడానికి తాడు వైపే వచ్చింది. తిన్నగా ఆవిడ మీదికే వస్తున్నట్టు ఉందట. అత్తగారు "అమ్మో!" అని రెండు కళ్ళూ గట్టిగా మూసేసుకుంది.

సైజుగారికి కరెంటు పోయినట్టయింది. చేతిలో రిమోటు ఉంది, ఎటు తిప్పాలో తెలియదు. ఆ మూసిన రెప్పల మీద ఏమీ లేదు.

"హోల్డాన్! హోల్డాన్!" అని భార్య గొంతు చించుకుంది.

విమానం ఆగింది గానీ, ముక్కు నేలలో దిగబడి ఆగింది. ఫట్‌మని ఒక చప్పుడు, తర్వాత చిన్నచిన్న చప్పుళ్ళు. పసుప్పచ్చటి ముక్కలు గడ్డి మీద చాలా దూరం దొర్లాయి.

డాక్టరు పరుగున వెళ్ళి చూసి, తిరిగొచ్చి, నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఎగిరింది కదా," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "రూల్లో దిగడం గురించి నేనేమీ రాయలేదు."

సైజుగారు ఇంకా అత్తగారి ఎదురుగానే నిలబడి ఉన్నారు. ఆవిడ కళ్ళు తెరవలేదు. భయంతో మూసుకున్న మొహమే గానీ, అంతకు ముందు క్షణం తాలూకు సంతోషం అందులోంచి ఇంకా పోలేదు.

"అల్లుడుగారూ, దిగిందా?" అంది.

"దిగిందత్తయ్యా."

"బాగా దిగిందా?"

సైజుగారు అప్పుడు మొదటిసారి తల తిప్పి తన విమానం వంక చూశారు. తర్వాత తాడు లోపలివాళ్ళందరి వంకా చూసి, మాట్లాడకుండా చేత్తో సైగ చేశారు. పళ్ళ డాక్టరు, ల్యాబు ఆయన, సైజుగారి భార్య, ఒకరి తర్వాత ఒకరు, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి, వంగి ముక్కలు ఏరి సంచిలో వేసుకోసాగారు.

"ఇంకొక్క నిమిషం తెరవకండి అత్తయ్యా," అన్నారు సైజుగారు.